కొండ దారి, పాత కారు, నట్టు బిగింపు

ఈ బ్లాకులోని గత యూనిట్లలో మీరు చెరువుల గురించి, రైలు మార్గాల గురించి, జిల్లాల ఏర్పాటు గురించి చదివారు. వాటికి శాసనాలు, గెజిట్లు, రికార్డులు ఆధారాలుగా ఉన్నాయి. ఈ యూనిట్‌లో మనం తీసుకునే ఆధారం చాలా చిన్నది. పాత కారు కింద, మట్టీ గ్రీజూ పట్టి ఉండే నట్టూ బోల్టూ. దీన్ని కూడా చరిత్ర విద్యార్థి చదవవచ్చు. చదవడం రాకపోతే ఏం జరుగుతుందో కూడా చూద్దాం. ఇక్కడ తప్పు చదివితే పోయేది మార్కులు కాదు.

ముందుగా దారి సంగతి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి తిరుమలకు మోటారు దారి లేదు. యాత్రికులు అలిపిరి నుంచి మెట్లదారిన నడిచేవారు, నడవలేనివారు డోలీల్లో వెళ్లేవారు. శేషాచలం కొండల మీదుగా వేసిన మొదటి ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్ 10న ప్రారంభమైంది. అప్పుడు ఈ ప్రాంతం మద్రాసు ప్రావిన్సులో ఉంది. దాదాపు 19 కిలోమీటర్ల ఈ దారి రూపకల్పనతో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు ముడిపడి ఉంది. ఎక్కే బండ్లూ దిగే బండ్లూ మొదట్లో ఈ ఒక్క దారినే పంచుకున్నాయి. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక కొత్తది ఎక్కడానికి, పాతది దిగడానికి అయింది.

మీలో చాలామంది ఈ పాత దారిలో దిగి ఉంటారు. బస్సులో కూర్చున్నవారికి కడుపులో తిప్పినట్లుంటుంది. అదే సమయంలో బండి కింద ఏం జరుగుతోందో ఊహించండి. బ్రేకు వేసిన ప్రతిసారీ బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది. మలుపు ఎడమకు తిరిగితే చక్రాల మీద పక్క ఒత్తిడి ఒక వైపు, మరుక్షణం కుడికి తిరిగితే ఇంకో వైపు. చక్రాన్ని బండికి కలిపే ప్రతి బోల్టూ ఈ లాగులాటను మోస్తుంది. మైదానంలో మద్రాసు రోడ్డు మీద రోజంతా తిరిగినా ఇంత పక్కపోటు పడదు.

ఇక బండి సంగతి. హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖాలో మొదలై, 1948లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాకు మారింది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా అది చేసిన అంబాసిడర్ 1950ల చివర్లో మన రోడ్ల మీదికి వచ్చింది. 2014 మే నెలలో దాని తయారీ ఆగిపోయేదాకా తిరుపతి, చిత్తూరు టాక్సీ స్టాండుల్లో దాని ఆకారం తెలియనివారు లేరు. ముందు చక్రాలకు టార్షన్ బార్, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే పొడవాటి ఉక్కు కడ్డీ. వెనక ఇరుసుకు కమాన్ కట్టలు. కట్టను ఇరుసుకు అదిమి పట్టేవి యూ బోల్టులు. ఈ యూ బోల్టులను మనం మళ్లీ కలుస్తాం.

మర చుట్టులో దాగిన తేదీ

బోల్టు మీద తిరిగే మరకు ఒక చరిత్ర ఉంది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ బ్రిటన్‌కు ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు చాలన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక దేశపు బోల్టు ఇంకో దేశపు నట్టులో పట్టక మిత్రరాజ్యాలు పడిన అవస్థ తర్వాత, 1948లో బ్రిటన్, అమెరికా, కెనడాలు 60 డిగ్రీల యూనిఫైడ్ మరకు ఒప్పుకున్నాయి. 1950ల్లో బ్రిటిష్ కార్ల కంపెనీలు క్రమంగా దానికి మారాయి. ఐరోపాలోనేమో మిల్లీమీటర్ల మర. ఇటలీ నుంచి వచ్చిన ఫియట్ 1100, దాని వారసురాలు ప్రీమియర్ పద్మిని ఆ కోవలోవి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది కానీ, అప్పటికే రోడ్డు మీదున్న బండ్లు చట్టం చూసి తమ బోల్టులు మార్చుకోలేదు కదా.

అందుకే ఒకే షెడ్డులో మూడు కాలాలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. 1940ల నాటి మోరిస్‌లో విట్‌వర్త్ కుటుంబం మరలు, అంబాసిడర్ సస్పెన్షన్‌లో ఎక్కువగా యూనిఫైడ్ ఫైన్, పద్మినిలో మెట్రిక్. పైగా 1990ల్లో వచ్చిన అంబాసిడర్ 1800కు జపాన్ ఇసుజు ఇంజిను పెట్టారు. అంటే బానెట్ ఎత్తితే మిల్లీమీటర్లు, కింద దూరితే చాలామటుకు అంగుళాలు. ఒకే బండిలో రెండు యుగాలు.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించండి. 1960ల నాటి అంబాసిడర్‌కు సస్పెన్షన్‌లోని అరంగుళం బోల్టు ఒకటి పాడైంది. మద్రాసు పుదుప్పేట పాత సామాన్ల అంగళ్ల నుంచో, డబ్బాలో మిగిలిన వాటిలోంచో ఇంకో బోల్టు తీశారు. పాత నట్టే వాడారు. స్పానర్ సరిపోయింది. మర ఎక్కింది. బాగానే బిగిసినట్లుంది. అయినా ఆ బోల్టు 12 మిల్లీమీటర్లది!

ఇది ఎలా సాధ్యమో లెక్క వేసి చూడండి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. యూనిఫైడ్ ఫైన్‌లో ఆ బోల్టుకు అంగుళానికి 20 మరలు, అంటే మరకూ మరకూ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు. ఇటలీ, జపాన్ బండ్లలో తరచుగా కనిపించే 12 మిల్లీమీటర్ల బోల్టుకు ఆ దూరం 1.25. నట్టు మందంలో పట్టే ఎనిమిది తొమ్మిది చుట్లకు ఈ తేడా బయటపడదు. తల సంగతి చూస్తే, అంగుళాల బోల్టుకు ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, మెట్రిక్ బోల్టుకు చాలాచోట్ల 19. ఒకే స్పానర్ రెండింటికీ కూర్చుంటుంది. కానీ బోల్టు 0.7 మిల్లీమీటర్లు సన్నం కాబట్టి మరలు ఒకదాన్నొకటి అంచులతోనే పట్టుకుంటాయి. షెడ్డులో బిగుతుగా అనిపించినది, బరువు పడ్డాక మరలు కోసుకుపోయి జారిపోవచ్చు.

“స్పానర్ పట్టింది కదా” అనే మాట ఇక్కడ ఏ ఆధారమూ కాదు. ఆధారం మర గేజి. దువ్వెనలాంటి పళ్లున్న చిన్న రేకు అది, మర మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే సందు కనిపిస్తుంది. రెండో ఆధారం బోల్టు తల. 8.8, 10.9 అని ఉబ్బెత్తు అంకెలుంటే మెట్రిక్. మూడు గీతలుంటే అమెరికన్ పద్ధతిలో ఐదో గ్రేడు, ఆరుంటే ఎనిమిదో గ్రేడు. గొలుసులా కలిసిన చిన్న వలయాలు యూనిఫైడ్‌కు బ్రిటిష్ గుర్తు. తల మీద ఏ గుర్తూ లేని బోల్టును సస్పెన్షన్‌కు వాడకూడదు. శాసనంలో లిపిని బట్టి శతాబ్దాన్ని నిర్ణయించడానికీ దీనికీ నేను పెద్ద తేడా చూడను.

అభ్యాసం: దగ్గరలోని షెడ్డుకు వెళ్లి, యజమాని అనుమతితో, పక్కన పడేసిన పాత బోల్టులు పది చూడండి. తల గుర్తులను నోట్‌బుక్కులో గీసి, ఏది ఏ ప్రమాణానిదో రాయండి. జాకీ మీదున్న బండి కిందికి మాత్రం దూరవద్దు.

నట్టు ఎందుకు వదులవుతుంది?

అదురుకు నట్టు వదులవుతుందని బండ్లు పుట్టినప్పటి నుంచీ అందరికీ తెలుసు. అందుకు రకరకాల మందులు వేశారు. స్ప్రింగ్ వాషరు, నట్టు మీద ఇంకో నట్టు, కిరీటంలా గాళ్లున్న నట్టులోంచి దూర్చే స్ప్లిట్ పిన్ను, తర్వాత లోపల నైలాన్ వలయమున్న నట్టు. అసలు కారణాన్ని స్పష్టంగా చూపినది మాత్రం 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ప్రచురించిన ప్రయోగం. బోల్టు పొడవునా లాగే అదురు కంటే, అడ్డంగా పడే కదలిక ఎక్కువ ప్రమాదకరమని ఆయన చూపాడు. బిగించిన రెండు భాగాలు పక్కకు ఏమాత్రం జారినా, మరల మధ్య రాపిడి పట్టు సడలి నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. జారకుండా ఆపేది వాషరు కాదు, తగినంత బిగువు. ఘాట్ రోడ్డు మలుపుల్లో పడే పక్కపోటు ఎలాంటిదో ఇందాక చూశాం కాబట్టి, ఈ ప్రయోగం మన కొండకు ఎంత దగ్గరిదో మీకే అర్థమవుతుంది.

యూ బోల్టులకు ఇది బాగా వర్తిస్తుంది. కమాన్ కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు ఇరుసును పట్టి ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. దాని పని పట్టీలను వరసలో ఉంచడం, ఇరుసుకు స్థానం చూపడం. పట్టు అంతా యూ బోల్టులదే. అవి వదులైతే బ్రేకు వేసినప్పుడు ఇరుసు జరుగుతుంది, ఆ పోటుకు సెంటర్ బోల్టు తెగుతుంది. తెగిన సెంటర్ బోల్టును మాత్రమే మార్చి పంపితే రోగం లోపలే ఉన్నట్లు. కొత్త కట్ట వేశాక పట్టీలు సర్దుకుని బిగువు తగ్గుతుంది కాబట్టి, కొంత దూరం తిరిగాక యూ బోల్టులను మళ్లీ టార్క్ రెంచితో చూడాలి. కొండ ఎక్కే ముందే చూడాలి, దిగాక కాదు.

స్ప్లిట్ పిన్ను గురించి ఒక అపోహ. అది బిగువును కాపాడదు, నట్టు పూర్తిగా ఊడిపోకుండా అడ్డుపడుతుంది, అంతే. చెప్పిన టార్క్‌కు బిగించాక గాడి రంధ్రానికి ఎదురు రాకపోతే నట్టును వెనక్కి వదలకూడదు, తర్వాతి గాడి దాకా ముందుకే బిగించాలి. చక్రపు హబ్బు బేరింగు నట్టు దీనికి మినహాయింపు. అక్కడ బేరింగు తిరగడానికి సందు కావాలి, దాని పద్ధతి వేరు. పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి. రెండుసార్లు వంచిన తీగ మూడోసారి ఎక్కడ విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. నైలాన్ నట్టు కూడా అంతే, చేత్తో సులువుగా తిరిగిందంటే దాని పని అయిపోయినట్లే. మరకు నూనె పూస్తే అదే టార్క్‌కు బిగువు బాగా పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. మాన్యువల్ పొడి మరకు చెప్పిందో, నూనె మరకు చెప్పిందో చూడాలి.

రబ్బరు బుష్షులున్న చోట మరో మెలిక ఉంది. బండి గాల్లో, చక్రాలు వేలాడుతుండగా బుష్షు బోల్టులను పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. కిందికి దించగానే మెలితిరిగి, కొన్ని నెలల్లో చిరుగుతుంది. అందువల్ల ముందు వదులుగా పెట్టి, బండి తన బరువు మీద తాను నిలబడ్డాక ఆఖరి బిగింపు చేస్తారు.

ఇక టార్షన్ బార్. మెలిపెట్టిన కడ్డీలో బండి ముందుభాగాన్ని ఎత్తి నిలిపేంత శక్తి దాగి ఉంటుంది. కింది చేతికి ఆసరా పెట్టకుండా, మాన్యువల్ చెప్పిన వరసలో ఆ బరువును విడుదల చేయకుండా బోల్టు తీస్తే, ఆ చెయ్యి కొట్టే దెబ్బకు మనిషి చెయ్యి నిలవదు. జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక గట్టి నేల మీద స్టాండ్లు పెట్టాలి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డుకట్టలు వేయాలి. మన వైపు చేతికందిన ఇటుకో, బండరాయో పెట్టే అలవాటు ఉంది. ఇటుక పగిలే ముందు హెచ్చరిక ఇవ్వదు.

ఇప్పటికీ పెళ్లి ఊరేగింపులకు, సినిమా షూటింగులకు, ఇష్టం కొద్దీ ఈ కార్లను నడిపేవారు జిల్లాలో ఉన్నారు. మద్రాసు పాడిలో 1960ల్లో మొదలైన సుందరం ఫాస్టెనర్స్ వంటి సంస్థల వల్ల మంచి బోల్టు దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఏ మర, ఏ పొడవు, ఏ గ్రేడు అడగాలో తెలియడమే కష్టం. పాత బోల్టును పారేయకుండా నమూనాగా వెంట తీసుకెళ్లండి. అదే అసలుదో, మధ్యలో ఎవరో మార్చినదో ముందు తేల్చుకోండి. రెండో వైపు చక్రం దగ్గర అదే చోట ఉన్న బోల్టుతో పోల్చి చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. రెండూ ఒకేలా లేకపోతే, తయారీదారు మాన్యువల్ తెరవాల్సిందే.