వ్యాపార దత్తాంశాల నిల్వ: శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతం

సంస్థల పనిలో పుట్టే సమాచారాన్ని, అంటే దత్తాంశాన్ని, ఎక్కడ ఏ రూపంలో దాచాలన్నది దాని పరిమాణం కన్నా, దాన్ని ఎవరు ఎంత త్వరగా అడుగుతారు, ఎంతకాలం ఉంచాలి అన్న ప్రశ్నల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాల రాకపోకలను స్వీకరించిన శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం వంటి చోట ఈ తేడాలన్నీ ఒకే ప్రాంగణంలో కనిపిస్తాయి.

విమాన వేళలు, టికెట్లు, సరుకు రసీదుల వంటి గళ్లలో ఇమిడే వివరాలకు, 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన నమూనాపై నిర్మించే రిలేషనల్ డేటాబేస్ తగినది. అందులో ప్రతి లావాదేవీ పూర్తిగా జరగడమో అసలు జరగకపోవడమో తప్ప మధ్యస్థితి ఉండదు కనుక, డబ్బు తీసుకున్నాక టికెట్ నమోదు కాకుండా మిగిలే ప్రమాదం తప్పుతుంది. మందుల ఎగుమతికి పేరుపడిన ఇక్కడి కార్గో విభాగంలో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన టీకాల ఉష్ణోగ్రతను సెన్సర్లు నిరంతరం నమోదు చేసే పక్షంలో, కొలతలను కాలక్రమంలో పేర్చే టైమ్ సిరీస్ డేటాబేస్ మేలు. పాత కొలతలను సగటులుగా కుదించవచ్చు గాని, హద్దు దాటిన ఘడియల నమోదును చెరపకూడదు, ఎందుకంటే వివాదం వచ్చినప్పుడు అడిగేది దాన్నే. సీసీటీవీ దృశ్యాలు, స్కాన్ చేసిన పత్రాలు గళ్లలో ఇమడవు గనుక, ఒక్కో ఫైలును గుర్తింపు సంఖ్యతో దాచే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో ఉంచడం చవక.

అన్నిటికన్నా సున్నితమైనవి వ్యక్తిగత వివరాలు. ముఖాన్ని గుర్తించి లోనికి పంపే డిజియాత్ర విధానంలో గుర్తింపు వివరాలు ప్రయాణికుడి ఫోన్‌లోనే ఉంటాయి. విమానాశ్రయానికి అందిన ప్రతిని విమానం బయలుదేరిన 24 గంటల్లో తొలగించాలన్నది నియమం. దాచకపోవడం కూడా ఒక నిర్వహణ పద్ధతేనని, బహుశా అన్నిటికన్నా నమ్మదగినదని, దీన్నిబట్టి చెప్పవచ్చు. లెక్కల పుస్తకాల సంగతి ఇందుకు భిన్నం: 2013 నాటి కంపెనీల చట్టం వాటిని కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది కాబట్టి, అరుదుగా తెరిచే చవకైన ఆర్కైవ్ నిల్వ వాటికి చాలు.

ఈ నిల్వలన్నీ సొంత యంత్రాల్లోనే ఉండనవసరం లేదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను, అంటే డేటా కేంద్రాల సముదాయాన్ని, ప్రారంభించడంతో స్థానిక సంస్థలకు క్లౌడ్ దగ్గరైంది. అయినా దగ్గరున్న నకలు ఒక్కటే చాలదు; రెండో బ్యాకప్ మరో నగరంలో ఉండి తీరాలి.