కంప్యూటర్ భాషలో ఖ్వారిజ్మీ పేరు

మన ఖమ్మానికి ఆ పేరు స్తంభాద్రి నుండి వచ్చిందని పెద్దలు చెపుతారు. హైదరాబాదులో స్థిరపడినా మనల్ని ఖమ్మం వాళ్లనే అంటారు. ఊరి పేరు మనిషిని విడిచిపెట్టదు. అట్లాగే ఒక ప్రాంతం పేరు పండితుని వెంట నడిచి కంప్యూటర్ భాషలో చేరిన చరిత్రను ఇక్కడ మనవి చేస్తున్నాము.

"సార్, ఉర్దూ మీడియం వాళ్లకు కంప్యూటర్ వస్తదా?" అని మా పిల్లలు అడిగినారు. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే కారణం.

1958లో జ్యూరిచ్ నగరంలో యూరప్, అమెరికా పండితులు కూడి, ఏ ఒక్క కంపెనీ యంత్రానికీ కట్టుబడని భాషను తయారుచేశారు. దానికి మొదటి పేరు 'ఇంటర్నేషనల్ ఆల్జీబ్రాయిక్ లాంగ్వేజ్'. తరువాత 'ఆల్గరిథమిక్ లాంగ్వేజ్' అనే మాటలను కుదించి 'ఆల్గాల్' అన్నారు. పాస్కల్, సి భాషలు ఆ వంశంలోనివే. ఆల్గాల్ అనే నక్షత్రం కూడా ఉన్నది గాని దానికీ దీనికీ సంబంధం లేదు.

ఈ రెండు పేర్లూ ఒకే మనిషి దగ్గరకు పోతాయి. ఆయన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఖ్వారిజ్మ్ అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ప్రాంతం. 9వ శతాబ్దంలో, ఖలీఫా మామూన్ కాలంలో ఆయన బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. ఆయన గ్రంథం పేరులోని 'అల్ జబర్' మాటే ఆల్జీబ్రా అయింది. ఉర్దూలో జబర్ అంటే బలవంతం. అరబ్బీలో విరిగిన ఎముకను సరిచేయడం కూడా జబరే. సమీకరణంలో తీసివేతగా ఉన్నదాన్ని రెండు వైపులా కలిపి పూరించడానికి ఆయన ఆ మాట వాడారు. ఆ గ్రంథంలో పెద్ద భాగం విరాసత్ లెక్కలే. కొడుకు వాటా ఎంత, కూతురి వాటా ఎంత, భార్యకు ఎంత అన్నది న్యాయంగా తేల్చడానికే అంత గణితం!

ఆయన మరో గ్రంథం హిందూస్తాన్ అంకెలను గురించినది. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి పోయినప్పుడు ఖ్వారిజ్మీ పేరు 'అల్గోరిజ్మీ' అయింది. రాను రాను మనిషి పేరు పోయి, లెక్క చేసే పద్ధతి పేరుగా నిలిచింది. అదే ఆల్గరిథం.

ఇది చదివి మీసం దువ్వుకుంటే చాలదు. అంకెలు హింద్ వాళ్లవని ఒప్పుకొని, నేర్చుకొని, పదిమందికి నేర్పినందుకే ఆయన పేరు నిలిచింది. ఇల్మ్‌కు మీడియం అడ్డు కాదు, బడి మానడమే అడ్డు. కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. కొడుకునైనా బిడ్డనైనా లెక్కల క్లాసు మాన్పించకండి.