బస్తా ధాన్యం, గుప్పెడు బియ్యం

రేపల్లె దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, పూటకి బియ్యం కొలిచాక ఎసట్లో పోసే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి మూల ఉన్న చిన్న కుండలో వేసేవాళ్లు. రోజూ అంతే. వండిన అన్నంలో ఆ గుప్పెడు తగ్గినట్టు ఎవరికీ తెలిసేది కాదు. నెల తిరిగేసరికి మాత్రం కుండ నిండేది. వేళకాని వేళ చుట్టం దిగినా, ఇంట్లో పురుడొచ్చినా ఆ కుండే ఆదుకునేది. తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలో పొదుపు చరిత్ర రాయమంటే నేను ఆ కుండ దగ్గరే మొదలుపెడతాను. పాసుపుస్తకం చాలా తర్వాత వచ్చింది.

ఇప్పుడు పచ్చగా కనిపించే ఈ నేల ఒకప్పుడు వానని నమ్ముకుని బతికింది. 1832-33లో వచ్చిన నందన కరువుకి గుంటూరు జిల్లాలోని 5 లక్షల జనంలో లక్షన్నరకి తక్కువ కాకుండా చనిపోయారు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక పడమటి డెల్టా కాలవలకి నీళ్లొచ్చాయి, వరి వచ్చింది. కరువు భయం మాత్రం పోలేదు. వరిగడ్డి వెంటి చుట్టి కట్టిన పురిలో ఏడాది గింజలు పడితే తప్ప ఇంటి ఇల్లాలికి నిబ్బరం ఉండేది కాదు.

ఆ ధాన్యాన్ని ఆమె ఎలా వాడిందో కాస్త దగ్గరగా చూడాలి. 75 కిలోల బస్తా ఆడిస్తే సుమారు 50 కిలోల బియ్యం, 15 కిలోల ఊక, 5, 6 కిలోల తవుడు వస్తాయి. ఇంట్లో దంచుకున్నన్నాళ్లు వీటిలో ఏదీ గడప దాటలేదు. చేటలో చెరిగితే వచ్చిన నూకలు ఉప్పిండికో జావకో పనికొచ్చేవి. బియ్యం కడుగు, కూరగాయల తొక్కలు, ఇంత తవుడు కుడితి తొట్టిలోకి వెళ్లేవి. ఆ కుడితి తాగి గేదె పాలిచ్చేది. దాని పేడ పిడకలయ్యేది. ఆ పిడకలే దాలిలో పొద్దస్తమానం సన్నగా రాజుకుంటుంటే, పైన కుండలో పాలు మీగడ కట్టి ఎర్రగా కాగేవి. మిగిలిన బూడిదతో అంట్లు తోమి, ఇంకా ఉంటే పెరట్లో వంగమొక్కలకి చల్లేవాళ్లు. వార్చిన గంజి తరవాణి కుండలోకి చేరేది. వేసవి పొద్దున పుల్లటి తరవాణిలో చద్దన్నం, నంజుకోడానికి ఉల్లిపాయ. ఖర్చేమీ లేదు, కడుపు చల్లగా ఉండేది.

ఇది పొలమూ పాడీ ఉన్న ఇళ్ల సంగతి. కూలికి వెళ్లిన ఆడవాళ్ల పొదుపు ఇంకో రకం. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె అంటారు. గట్ల మీద ఎలుకల బొరియలు తవ్వి, అవి దాచుకున్న గింజలు తెచ్చుకున్న యానాదుల కుటుంబాలు కూడా ఈ డెల్టాలోనే బతికాయి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఈ పొదుపంతా తెల్లవారకుండానే రోకలి పట్టిన చేతుల మీద నడిచింది. అందరూ తిన్నాక మిగిలిన మాడు చెక్కే ఆ చేతుల వాటా. ఆ కష్టానికి ఏ పద్దులోనూ చోటు లేదు. దాన్ని వదిలేసి పాతకాలం పొదుపుని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

1916లో రేపల్లెకి రైలొచ్చింది. ఆ తరాల్లోనే బియ్యం మిల్లులు పెరిగాయి. రోకలి బాధ తప్పింది, నిజంగా పెద్ద ఊరట. కానీ తవుడు మిల్లులోనే ఉండిపోయింది, తెల్లటి బియ్యం ఇంటికొచ్చాయి. సర్కారు జిల్లాల కోస్తా పొడుగునా బెరిబెరి కనిపించడానికి మిల్లులో తవుడు తీసేసిన పచ్చిబియ్యమే కారణమని కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన మెకారిసన్, ఐక్రాయిడ్ వంటి వాళ్లు గుర్తించారు. కాళ్లలో సత్తువ తీసేసే ఆ జబ్బుకి మందు తవుడు పొరలోని బి1 విటమిన్. నాలుగైదు నీళ్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే ఉన్న కాస్తా పోతుంది. గంజిని దాచిన అమ్మమ్మలకి విటమిన్ పేరు తెలియదు, గింజ విలువ తెలుసు.

మిల్లు నుంచి ఊక మాత్రం బస్తాల్లో వెనక్కి వచ్చింది. రేకు డబ్బాకి అడుగున కంత పెట్టి, నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ ఊక కూరి, సీసాని మెల్లగా పైకి లాగేస్తే ఊకపొయ్యి సిద్ధం. ఒకసారి అంటిస్తే అన్నం, పప్పు, పులుసు అన్నీ అయ్యేవి. కూరడం వదులైతే మాత్రం మధ్యలో కూలిపోయి ఇల్లంతా పొగ.

1942లో బర్మా జపాను చేతికి పోయి అక్కడి బియ్యం ఆగిపోయాయి. రేషను, కిరసనాయిలు కటకట మొదలయ్యాయి. వరి పండించే సీమలో కూడా గింజకి లెక్క చెప్పాల్సిన రోజులవి. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో కంట్రోళ్లు ఎత్తేశారు. మా వైపు పెద్దవాళ్లు చౌకధరల దుకాణాన్ని ఇప్పటికీ కంట్రోలు షాపనే అంటారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, కూలి ఇళ్లలో మొదటిసారి గింజ మిగలడంతోపాటు చేతిలో రూపాయి కూడా మిగిలింది.

అలా పొదుపు గింజ నుంచి రూపాయికి మారింది. పోపుల డబ్బాలో మెంతుల కింద దాచుకునే నోటు కొత్తది కాదు. దాన్ని నలుగురూ కలిసి ఒకచోట పెట్టడం కొత్త. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, సారా కొట్టుకి పోయే డబ్బు ఇంట్లో నిలబడింది. రోజుకో రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి సంఘాలు రాష్ట్రమంతా పాకాయి, డ్వాక్రా అన్న పేరు ఇంటి మాటైపోయింది. 1999లో దీపం పథకం గ్యాసు పొయ్యిలు తెచ్చింది. పిడకలు, ఊకపొయ్యి మెల్లగా అటకెక్కాయి. పొగ పోయినందుకు ఆడవాళ్ల కళ్లు ఎంత సుఖపడ్డాయో చెప్పలేను. సంఘం కూర్చునే రోజున పద్దు పుస్తకంలో తన పేరు ఎదురుగా అంకె పడుతుంటే చూసుకునే ఆడమనిషి ముఖాన్ని నేను చాలాసార్లు చూశాను. గుప్పెడు బియ్యం కుండకి ఆ పద్దు ఎప్పుడూ లేదు.

మా అమ్మ ఇప్పుడు తెనాలిలో మూడో అంతస్తులో ఉంటుంది. గేదె లేదు, కుడితి తొట్టి లేదు, దాలి మాట పిల్లలకి తెలియదు. పొద్దున బియ్యం కడిగి, ఆ కడుగుని గిన్నెలోకి వంచుకుని బాల్కనీలోకి వెళ్తుంది. అక్కడ కుండీలో కరివేపాకు మొక్క నడుమెత్తు పెరిగింది.