మన్యంలో దళాల నడక

1879 మార్చిలో రంప మన్యం తిరగబడినప్పుడు సర్కారు పెద్ద సైన్యాన్నే దింపింది. మద్రాసు పదాతి దళాలు ఆరు, వాటికి తోడు గుర్రపు దళం, హైదరాబాద్ కంటింజెంటు సిపాయిలు. గుర్రాలకు ఆ అడవిలో పని తక్కువ. సిపాయిలను మన్యం జ్వరం మంచాన పడేసింది. తిరుగుబాటు నాయకుడు తమ్మన్నదొరను అణచడానికి 1880 జూలై దాకా పట్టింది.

మన్యం మళ్ళీ తిరగబడింది. 1922 ఆగస్టు 22 నుంచి వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లను అల్లూరి సీతారామరాజు కొల్లగొట్టాడు. 26 తుపాకులు చేజిక్కాయి. ఎదురు నిలిచిన జిల్లా రిజర్వు పోలీసులకు తెలుగు వచ్చు, కొండ నడక రాదు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో రాజు దళం ముందు నడిచిన భారతీయ పోలీసులను దాటిపోనిచ్చి, వెనక వస్తున్న బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్‌, హైటర్‌లను పైనుంచి కాల్చింది. వేళ్ళు వణకకుండా అంతసేపు ఆగడమే అసలైన అడవి విద్య అంటాను.

ఆ తర్వాత మలబారు స్పెషల్ పోలీసు వచ్చింది. 1921లో మాప్పిళ్ళ తిరుగుబాటు నాడు పుట్టిన దళం. కొండలు అలవాటే, భాష మాత్రం రాదు. దారి అడగాలన్నా ఇంకొకరి నోరు కావాలి. అయినా డిసెంబరు 6న పెదగడ్డపాలెంలో రాజు మనుషులను గట్టిగా దెబ్బతీసింది. చివర్లో దిగిన అస్సాం రైఫిల్స్‌లో ఎక్కువమంది గూర్ఖాలు. కొండ గస్తీ వాళ్ళ వృత్తి. 1924 మే 7న రాజును కొయ్యూరులో కాల్చి చంపారు.

1987 డిసెంబరులో ఇదే మన్యంలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎస్.ఆర్. శంకరన్‌ను, తోటి అధికారులను ఎత్తుకెళ్ళారు. నక్సలైట్లతో పోరాడే దళంగా 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్‌ను నిలబెట్టారు. మందుపాతరల భయంతో రోడ్డు వదలడం, తిండి వీపున మోయడం, రాత్రి నడిచి పగలు పొదల్లో ఉండడం: ఇదంతా ఎదుటివాళ్ళ దగ్గర నేర్చిన విద్యే. సీఆర్‌పీఎఫ్‌ది వేరే పని. క్యాంపు కాపాడాలి, పొద్దున్నే రోడ్డు తనిఖీ చేసి బండ్లను వదలాలి. 2008లో అదే సంస్థ అడవి పోరు కోసం కోబ్రా దళాన్ని తయారుచేసింది.

ఆ ఏడాదే జూన్ 29న, రోడ్డెక్కని గ్రేహౌండ్స్ ఒడిశాలో బలిమెల జలాశయం మీద పడవెక్కింది. నీళ్ళ మధ్య పడుకోవడానికి నేల లేదు, దాక్కోవడానికి చెట్టు లేదు. తూటాలు దామనపల్లిలో లాగే కొండ మీంచి వచ్చాయి. 38 మంది చనిపోయారు.