ఇల్లా, శానటోరియమా: మద్రాసు క్షయ పరీక్షను చదవవలసిన తీరు

1950ల తొలినాళ్ళలో కఫంలో క్షయ క్రిములు కనబడ్డ మనిషికి వైద్యులు ఇవ్వగలిగిన ఉత్తమమైన సలహా శానటోరియంలో చేరమన్నదే. మంచి గాలి, పుష్టికరమైన తిండి, మంచం దిగని విశ్రాంతి, ఇంట్లోవాళ్ళకు వ్యాధి అంటకుండా దూరం: చికిత్స అంటే ఇవన్నీ కలిసినది. తాంబరంలోను, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలోను వెలసిన సంస్థలు ఈ నమ్మకం మీదే నడిచాయి. కాని దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లో ఉండేవి. సలహా సరైనదే అయినా, విన్నవారిలో చాలామందికి దానిని పాటించే దారి లేదు.

1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. అంతకు ముందే ఉన్న పారా అమైనో సాలిసిలిక్ ఆమ్లాన్ని (వైద్యుల నోట ఇది 'పాస్') దానికి జోడిస్తే, నోటితో మింగే మందులతోనే క్షయను అదుపు చేయవచ్చునని తేలింది. అక్కడినుంచి పుట్టిన ప్రశ్న సూటిగా ఉంది. నయం చేసేది మందే అయితే, మంచం ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి 1956లో మద్రాసు చేట్‌పట్‌లో క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి చేపట్టిన పని అది. వాలెస్ ఫాక్స్ దానికి తొలి సారథి. ఆయన వెంట వచ్చిన పద్ధతికి అప్పటికి పదేళ్ళ వయసు కూడా లేదు.

ఆ పద్ధతి రూపుదిద్దుకున్నది కూడా క్షయ మీదనే. యుద్ధానంతర బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అందరికీ సరిపోయేంత దొరకలేదు. ఎలాగూ అందరికీ ఇవ్వలేని మందును కొందరికిచ్చి, ఇవ్వనివారితో పోల్చి చూడడం అన్యాయం కాదన్న వాదన అప్పుడు నిలబడింది. గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యల ఆధారంగా కేటాయింపులు తయారుచేసి, సీలు వేసిన కవర్లలో పెట్టించాడు. (హిల్ మొదటి ప్రపంచయుద్ధకాలంలో తానే క్షయ బారిన పడి, వైద్యవిద్య ఆశను వదులుకున్నవాడు.) రోగిని పరీక్షలో చేర్చుకోవాలని నిర్ణయించాకే ఆ కవరు తెరవాలి. ఈ ఏర్పాటులోని సారం లెక్కల్లో కన్నా దాపరికంలోనే ఎక్కువగా ఉంది. తరువాతి రోగికి ఏ చికిత్స పడుతుందో ముందే తెలిసిన వైద్యుడు, ఎంత నిజాయితీపరుడైనా, బాగుపడేలా కనిపించేవాడిని తనకు నచ్చిన చికిత్స వైపు నెడతాడు. ఎక్స్‌రేలు చదివినవారికి కూడా ఏ చిత్రం ఏ బృందంలోని రోగిదో తెలియనివ్వలేదు.

1948లో వెలువడిన ఆ ఫలితాలు నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఆరు నెలల్లో స్ట్రెప్టోమైసిన్ పొందిన 55 మందిలో నలుగురు, మంచం పట్టి విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది మరణించారు. పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పని భాగం ఇంకొకటి ఉంది. అయిదేళ్ళ తరువాత చూస్తే మొదటి బృందంలో 32 మంది, రెండో బృందంలో 35 మంది చనిపోయి ఉన్నారు. ఒంటరిగా ఇచ్చిన మందుకు క్రిములు అలవాటు పడిపోయాయి. ఆరు నెలల దగ్గర ఆగిన పాఠకుడికి అది ఘనవిజయంగా కనిపిస్తుంది, అయిదేళ్ళు చూసినవాడికి హెచ్చరికగా కనిపిస్తుంది. లెక్కల్లో తప్పు లేదు, చూసిన గడువుల్లో తేడా ఉంది.

మద్రాసు పరీక్షను ఈ నేపథ్యంలో చదవాలి. 193 మంది రోగులను యాదృచ్ఛికంగా ఇంటికీ శానటోరియానికీ పంచారు. అందరికీ ఏడాదిపాటు ఒకే మందులు: ఐసోనియాజిడ్, పాస్. శానటోరియంలో ఉన్నవారికి తిండి మెరుగు, విశ్రాంతి ఎక్కువ, నర్సుల కళ్ళెదుట మందు మింగడం. ఇంట్లో ఉన్నవారు నగరంలోని పేదలు. ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో, కాస్త కోలుకోగానే పనికి పోవలసినవారు. బరువు పెరిగింది కూడా శానటోరియం వారికే ఎక్కువ. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో నివేదిక వెలువడింది. ఏడాది చివర వ్యాధి సద్దుమణిగినవారు శానటోరియంలో 92 శాతం, ఇంట్లో 86 శాతం.

ఈ రెండు అంకెల దగ్గర తొందరపడకూడదు. 193 మందిలో ప్రధాన విశ్లేషణకు మిగిలినవారు 163 మంది, బృందానికి సుమారు 80. మిగతా 30 మంది ఎటు పోయారన్నది విమర్శకుడు మొదట అడగవలసిన మాట. చికిత్సకు ముందే ఉన్న కారణంతో, ఉదాహరణకు మొదటినుంచే మందుకు లొంగని క్రిములు ఉన్నందున, పక్కనపెట్టినవారి వల్ల బృందాల సమతూకం చెడదు. చికిత్స నచ్చక మధ్యలో లేచి వెళ్ళినవారిని కూడా లెక్కలోంచి తీసేస్తే చెడుతుంది. శానటోరియం నుంచి మనసు ఇంటి మీదికి పోయి వెళ్ళిపోవడం ఆ చికిత్స స్వభావంలోనే ఉన్న లోపం. దాన్ని తుడిచేసి శానటోరియాన్ని తూచడం న్యాయం కాదు.

రెండో మాట తేడా గురించి. ఇంత చిన్న బృందాల్లో యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులను లెక్కిస్తే, ఈ ఆరు శాతం తేడా నిజానికి శానటోరియం పక్షాన 15 శాతం దాకా ఉండవచ్చు, ఇంటి పక్షాన మూడు శాతం మొగ్గనూవచ్చు. రెండూ సమానమని ఈ పరీక్ష నిరూపించిందనడం అతిశయోక్తే. అయినా ఆ రోజున మద్రాసు రోగి ముందున్న ఎంపిక శానటోరియమా ఇల్లా అన్నది కాదు, ఇల్లా ఏమీ లేకపోవడమా అన్నది. ఆ కొలమానంతో చూస్తే 86 శాతం అద్భుతమే. పైగా ఉన్న అననుకూలతలన్నీ ఇంటివైపే ఉన్నాయి గనుక, ఈ ఫలితాన్ని ఎవరో ఇంటి పక్షాన పేర్చి పెట్టారని అనడానికి వీల్లేదు.

ఇంట్లోవాళ్ళ మాటేమిటి? రోగిని ఇంట్లో ఉంచితే పిల్లలకు అంటుకోదా అన్న భయం ఈ వాదన మొత్తానికి గుండెకాయ వంటిది. కేంద్రం కుటుంబసభ్యులను అయిదేళ్ళ దాకా వెంబడించి చూసింది. రోగి శానటోరియంలో ఉన్న ఇళ్ళతో పోలిస్తే రోగి ఉన్న ఇళ్ళలో వ్యాధి చెప్పుకోదగినంత ఎక్కువగా కనబడలేదు. వ్యాధి గుర్తించడానికి ముందు నెలల్లోనే అంటవలసినవారికి చాలామటుకు అంటిపోయి ఉండడం ఇందుకు ఒక కారణం. మందు మొదలయ్యాక రోగి నుంచి వచ్చే ముప్పు బాగా తగ్గిపోతుంది.

నివేదిక ముగింపులో ఒక షరతు ఉంది. తగినంత సేవావ్యవస్థ ఏర్పాటు చేయగలిగితేనే అధికసంఖ్యాకులకు ఇంటి చికిత్స సముచితమని రచయితలు రాశారు. మద్రాసులో ఆ వ్యవస్థ అంటే ముందు చెప్పకుండా ఇంటికి వచ్చే నర్సు, మిగిలిన మందుల లెక్క, 'పాస్' నిజంగా కడుపులోకి వెళ్ళిందో లేదో చూసే మూత్రపరీక్ష. కడుపులో తిప్పే ఆ మందును రోజూ పెద్ద మోతాదుల్లో ఏడాదిపాటు మింగించడం ఎంత కష్టమో ఫాక్స్‌కు బాగా తెలుసు. మందును రోగి చేతికే వదిలేయడంలోని ఇబ్బంది గురించి ఆయన ప్రత్యేకంగా రాశాడు కూడా.

1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఇంటి చికిత్సను దేశమంతటికీ తీసుకువెళ్ళింది. 'ఇల్లు చాలు' అన్న మాట జిల్లా జిల్లాకూ చేరింది. మూత్రపరీక్షలు, నర్సుల రాకపోకలు అదే మోతాదులో చేరలేదు. చాలామంది రోగులు నాలుగైదు నెలల్లో ఒంట్లో బాగుందనుకుని మందు మానేశారు. ఆ ఇంటి చికిత్స మద్రాసులో పరీక్షించిన ఇంటి చికిత్స కాదు. పేరు ఒకటే.

చేట్‌పట్ కేంద్రం ఊరుకోలేదు. వారానికి రెండుసార్లు మాత్రమే, సిబ్బంది ఎదుటే మందులు ఇచ్చే పద్ధతిని ఇదే తరహా యాదృచ్ఛిక పరీక్షలో పెట్టి, 1964లో ఆ ఫలితాలను ప్రకటించింది. కళ్ళెదుట మందు మింగించడం దేశవ్యాప్త విధానం కావడానికి 1990ల చివరిదాకా, 'డాట్స్' పేరు మీద, వేచి చూడవలసి వచ్చింది.