ఉయ్యాల పాట ఎవరు కట్టారు?

జానపద గేయ సంకలనాల్లో బతుకమ్మ పాటల కింద కవి పేరు సాధారణంగా కనిపించదు. జనం పాట అని సరిపెట్టుకుంటాం. ఆ జనంలో పాట కట్టింది ఎవరన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో అందుకుంటారు. ఆ పల్లవి తిరిగొచ్చే లోపల ఆమె తర్వాతి మాట వెతుక్కోవాలి, అది చప్పట్ల దెబ్బకు సరిపోవాలి. ఊరి పేరు, కూతురి పేరు, ఈ ఏటి కష్టం అందులో చేరతాయి. పాత పాట ఏటేటా కొత్తగా వినిపించేది అందుకే. ఇది కవిత్వ రచన కాక మరేమిటి?

సిరిసిల్లలో మరమగ్గాల మీద మగవాళ్లు, ఇంట్లో బీడీల చాట ముందు ఆడవాళ్లు. జగిత్యాల, కోరుట్ల నుంచి గల్ఫ్‌కు వలసలు. పుట్టింటి నుంచి అన్న ఎప్పుడొస్తాడా అని చూసే పాత పాటలో దుబాయి పోయిన భర్త కోసం ఎదురుచూపుకూ చోటుంది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల రాజకీయ పాటకూ ప్రాణం పల్లె బాణీలే.

గొల్లసుద్దులకు కొత్త విషయమిచ్చిన సుద్దాల హనుమంతు పేరు మనకు తెలుసు. 1940ల నాటి ఆయన 'పల్లెటూరి పిల్లగాడా' 1980లో విడుదలైన 'మా భూమి'తో మరో తరానికి చేరింది. జననాట్యమండలి గద్దర్ తన పాటకు మూలం తల్లి లచ్చుమమ్మ అని చెప్పుకున్నాడు. హనుమంతుకు, గద్దర్‌కు దక్కిన గౌరవం న్యాయమైనదే. కానీ లచ్చుమమ్మ పేరు కొడుకు చెబితే తప్ప మనదాకా రాలేదు. చెప్పే కొడుకు లేని తల్లుల మాటేమిటి?

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటలను వాళ్ల గొంతులోనే నమోదు చేసింది. పాటకూ ఆ పని జరగాలి. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. 2017 నుంచి కొన్నేళ్లు సిరిసిల్ల మగ్గాలు బతుకమ్మ చీరలు నేశాయి. పండుగకు గుర్తింపు దొరికింది, పాట కట్టే మనిషికి ఇంకా దొరకలేదు. పాటలు సేకరించే మనం పాఠంతో పాటు ఎవరు ఎత్తుకున్నారు, ఏ ఊళ్లో, ఏ ఏడు, ఏ మాట మార్చారు అన్నది ఆమె ఒప్పుకోలుతో రాసుకోవాలి. మారిన ఆ ఒక్క మాటలోనే ఆమె చరిత్ర ఉంటుంది.