షెల్ స్క్రిప్టు

షెల్ స్క్రిప్టు అనగా యునిక్స్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టములలో షెల్ అనే ప్రోగ్రాము వరుసగా చదివి అమలు చేసే ఆదేశాలు గల ఫైలు. ఒక్కొక్కటిగా టైపు చేయవలసిన ఆదేశాలను ఒకచోట వ్రాసి ఉంచుకుంటే, అదే పనిని ఎన్నిసార్లయినా చేయించవచ్చును. ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంప్యూటరులో వాటిని చిన్న రోమను అక్షరాలలో టైపు చేయాలి.

చరిత్ర

యునిక్స్ మొదటి షెల్‌ను 1971లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ వ్రాశాడు. ప్రోగ్రాములను గొట్టాల వలె ఒకదానికొకటి తగిలించవచ్చునని డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే సూచించాడు. ఈ పైపు సౌకర్యం 1973లో యునిక్స్‌లో చేరింది. స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ 1979లో ఏడవ కూర్పుతో విడుదలైంది. గ్నూ ప్రాజెక్టు కొరకు బ్రయాన్ ఫాక్స్ వ్రాసిన బ్యాష్ 1989లో వెలువడింది.

మూడు ప్రవాహాలు

ప్రతి ప్రోగ్రాముకూ ప్రారంభంలోనే మూడు మార్గాలు లభిస్తాయి. 0 ఇన్‌పుట్‌కు, 1 ఔట్‌పుట్‌కు, 2 దోష సందేశాలకు. వేరుగా చెప్పనంతవరకు 0 కీబోర్డుకు, 1, 2 తెరకు కలిసి ఉంటాయి. < గుర్తుతో ఇన్‌పుట్‌ను, > గుర్తుతో ఔట్‌పుట్‌ను ఫైలుకు మళ్ళించవచ్చును. తనకు అందే సమాచారం కీబోర్డు నుండి వస్తున్నదా, ఫైలు నుండి వస్తున్నదా అని ప్రోగ్రాము సాధారణంగా పట్టించుకోదు. షెల్‌కు గల శక్తికీ, అందులో జరిగే పొరపాట్లకూ మూలం ఇదే.

పెద్ద ఫైళ్ళు, పైపులు

ఒక ప్రోగ్రాము ఔట్‌పుట్‌ను మరొక దానికి ఇన్‌పుట్‌గా అందించేది పైపు. దాని గుర్తు | .

గ్రెప్ గుంటూరు జాబితా | సార్ట్ | యునిక్

ఈ వరుసలో గ్రెప్ "గుంటూరు" గల పంక్తులను ఏరుతుంది, సార్ట్ వాటిని క్రమంలో పెడుతుంది, యునిక్ పునరావృతాలను తొలగిస్తుంది. మధ్యలో తాత్కాలిక ఫైళ్ళను మనం సృష్టించనక్కరలేదు.

లినక్స్‌లో 2005 నాటి 2.6.11 కూర్పు నుండి పైపు సామర్థ్యం సాధారణంగా 65,536 బైట్లు. పైపు నిండితే వ్రాసే ప్రోగ్రాము ఆగుతుంది; ఖాళీ అయితే చదివే ప్రోగ్రాము వేచి ఉంటుంది. అందువలన అనేక గిగాబైట్ల ఫైలు కూడా కొద్దిపాటి మెమరీతో ప్రవహించగలదు. సార్ట్ మాత్రం ఇన్‌పుట్ అంతా అందిన తరువాతనే ఫలితం ఇవ్వగలదు.

"సార్ట్ జాబితా > జాబితా" అని ఎన్నడూ వ్రాయరాదు. సార్ట్ మొదలు కాకముందే షెల్ ఆ ఫైలును ఖాళీ చేస్తుంది. అందులోని సమాచారం పోతుంది. దీనికి బదులు సార్ట్ యొక్క -ఓ ఐచ్ఛికాన్ని వాడాలి.

కీబోర్డు ఇన్‌పుట్

వాడుకరి టైపు చేసిన పంక్తిని రీడ్ ఆదేశం ఒక చలరాశిలో ఉంచుతుంది. ఎంటర్ నొక్కే వరకు ఆ పంక్తి టెర్మినల్ వద్దనే ఉంటుంది కనుక తప్పులు దిద్దుకోవచ్చును. కంట్రోల్-డి ఇన్‌పుట్ ముగిసినదని తెలుపుతుంది. కంట్రోల్-సి ప్రోగ్రామును ఆపమని కోరుతుంది. బ్యాష్‌లో -ఎస్ ఐచ్ఛికం సంకేతపదం తెరపై కనబడకుండా చేస్తుంది. -టి 10 అంటే పది సెకన్లు మాత్రమే వేచి ఉంటుంది. -ఎన్ 1 ఒక్క అక్షర సంకేతాన్ని చదువుతుంది. అయితే "తె"లో రెండు యూనికోడ్ సంకేతాలు ఉన్నందున, తెలుగు సమాధానాన్ని పూర్తి పంక్తిగా చదవడమే మేలు.

తరచు జరిగే పొరపాటు

ఫైళ్ళ పేర్ల జాబితాను ఒక్కొక్క పంక్తిగా చదువుతూ, ప్రతి ఫైలుకూ "తొలగించమంటారా?" అని అడిగే స్క్రిప్టును ఊహించవచ్చును. ఆవృతి మొత్తానికీ ఇన్‌పుట్ ఆ జాబితాయే కనుక, లోపలి రీడ్ కీబోర్డు కొరకు ఆగదు. జాబితాలోని తరువాతి పేరునే సమాధానంగా తీసుకుంటుంది. "వద్దు" అన్నప్పుడు తప్ప తొలగించేటట్లు వ్రాసి ఉంటే, ఎవరినీ అడగకుండానే ఫైళ్ళు పోతాయి.

దీనికి పరిష్కారం లోపలి రీడ్‌ను /డెవ్/టిటివై నుండి, అనగా నేరుగా టెర్మినల్ నుండి, చదివించడం. లేదా జాబితాను 3వ మార్గంలో తెరవడం. స్పష్టమైన "అవును" వచ్చినప్పుడే తొలగించడం, ఖాళీలు గల ఫైలు పేర్లు ముక్కలు కాకుండా చలరాశులను జంట ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచడం కూడా అవసరం. క్రాన్ ద్వారా నిర్ణీత వేళకు నడిచే స్క్రిప్టులకు టెర్మినల్ ఉండదు కనుక, వాటికి కావలసిన సమాధానాలను ముందుగానే ఆదేశంతో పాటు అందించాలి.